హరికేన్ శిథిలాలు, వేట నీళ్లు, ప్రభుత్వ సొమ్ము: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. లూసియానా తీరంలో నువ్వు పనిచేస్తున్న పారిష్ (అక్కడి జిల్లా వంటిది) కార్యాలయంలో హరికేన్ శిథిలాల తొలగింపు బాధ్యత నీ చేతికి వచ్చిందనీ, రొయ్యల వేటగాళ్లు రోజూ వచ్చి తమ నీళ్లు ఎప్పుడు బాగుపడతాయని నిలదీస్తున్నారనీ రాశావు. ఈ పనిలో చాలా కాలం ఉన్నవాణ్ణి కనుక, తెలిసినంత మేరకు వివరంగానే చెబుతాను.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసినది ఏమిటంటే, వేట దెబ్బతిన్నదన్న ఒక్క కారణంతో శిథిలాలు తీయించడానికి ఫెమా, అంటే అమెరికా ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ, సొమ్ము ఇవ్వదు. ఆ నీటి మీద చట్టప్రకారం బాధ్యత ఎవరిది, ఆ శిథిలం వల్ల ప్రజల ప్రాణాలకో ఆస్తికో తక్షణ ప్రమాదం ఉందా, అది ఈ తుఫానులోనే వచ్చి పడిందా అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉన్నచోటికే సొమ్ము కదులుతుంది. వలలు చిరిగిపోతున్నాయన్నది ఎంత నిజమైనా, దరఖాస్తులో అది మొదటి వాక్యం కాకూడదు.

అందుచేత ఏ నీళ్లు ఎవరి బాధ్యతో చూపే పటంతో పని మొదలుపెట్టు. ఫెడరల్ ప్రభుత్వం నిర్వహించే ఓడల కాలువలు సైన్యపు ఇంజనీరింగ్ విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌వి. అక్కడ మునిగిన పడవను తీయించమని నువ్వు ఫెమాను అడిగితే ఆ కాగితం వెనక్కి వస్తుంది. ఇంధనం కారుతున్న పడవలు, కొట్టుకొచ్చిన రసాయనాల పీపాలు కోస్ట్ గార్డ్ చూసుకోవలసినవి. వాగులకు అడ్డుపడి వరద ముప్పు తెచ్చే చెట్ల గుట్టలకు వ్యవసాయ శాఖ కింద వాటర్‌షెడ్ అత్యవసర రక్షణ పథకం ఉంది. ఇవన్నీ తీసివేయగా మిగిలిన నీళ్లలో, పారిష్‌కు గానీ రాష్ట్రానికి గానీ చట్టబద్ధమైన బాధ్యత ఉన్నట్టు చూపగలిగిన భాగానికే ఫెమా పబ్లిక్ అసిస్టెన్స్ పథకంలో శిథిలాల తొలగింపుకు ఉన్న ‘ఎ’ కేటగిరీ వర్తిస్తుంది. ఆల్చిప్పల సాగుకు ప్రైవేటు వాళ్లకు లీజుకిచ్చిన నీళ్లను ఈ జాబితాలో కలిపేయకుండా విడిగా ఉంచు. అవి కలిస్తే మిగతా దరఖాస్తు మీద కూడా అనుమానం వస్తుంది.

ఇక అసలు చిక్కు లోతు దగ్గర ఉంది. తుఫానుకు ముందు ఆ జలమార్గంలో తిరిగిన పడవలన్నిటిలోకీ పెద్దది, నీళ్లు బాగా తీసినప్పుడు ఎంత లోతుకు మునుగుతుందో, దానికి 2 అడుగులు కలిపి, అంతవరకు ఉన్న శిథిలాలనే ఫెమా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ పడవ 4 అడుగులు మునిగేదైతే 6 అడుగుల దగ్గర గీత పడుతుంది. కానీ ట్రాల్ వల నేలను రాసుకుంటూ పోయేది కదా! 12 అడుగుల లోతున పడి ఉన్న ఫ్రిజ్ మీదుగా పడవ హాయిగా వెళ్లిపోతుంది, వల మాత్రం దానికి పట్టుకుని రెండుగా చీలిపోతుంది. ఆ ఫ్రిజ్‌కు ఈ పథకంలో చోటు లేదు. ఈ సంగతిని వేటగాళ్లకు మొదటి సమావేశంలోనే స్పష్టంగా చెప్పెయ్యి. ఆశపెట్టి తర్వాత కాదనడం కంటే అది మేలు.

అయితే అడుగున పడినదానికి దారే లేదని కాదు. 2006లో వచ్చిన చట్టంతో, అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ అయిన నోవాలో సముద్ర శిథిలాల కార్యక్రమం ఏర్పడింది. 2018లో చేసిన సవరణతో, తీవ్రమైన సముద్ర శిథిలాల ఘటనగా ప్రకటించి సాయం చేసే అధికారం కూడా ఆ సంస్థకు వచ్చింది. 2005లో కత్రినా, రీటా హరికేన్ల తర్వాత అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ప్రత్యేకంగా నిధులిస్తే, అలబామా, మిసిసిపీ, లూసియానా తీరజలాల అడుగును నోవా సోనార్‌తో (ధ్వని తరంగాలతో నీటి అడుగును చూసే పరికరంతో) గాలించి, వేటగాళ్లు చూసుకోవడానికి పటాలు వేసి పెట్టింది. ఇదిగాక మత్స్యసంపదకు విపత్తు జరిగిందని వాణిజ్య శాఖ మంత్రి నిర్ధారిస్తే వచ్చే సాయం వేరే ఉంది; 2006లో ఆ విధంగా వచ్చిన 12.8 కోట్ల డాలర్లు గల్ఫ్ రాష్ట్రాల మత్స్య కమిషన్ ద్వారా పంపిణీ అయ్యాయి. కానీ దాన్ని అడగవలసింది గవర్నరు. పైగా రావడానికి చాలా కాలం పడుతుంది. వల చీరింది చమురు కంపెనీలు వదిలేసిన ఇనుమైతే, దానికి రాష్ట్రంలో వేట పరికరాల పరిహార నిధి ఉంది, సమాఖ్య జలాలకు మరో నిధి ఉంది. ఆ వేటగాణ్ణి అటు పంపు.

సోనార్ సర్వే విషయంలో తొందరపడవద్దు. ఏముందో చూద్దామని నీళ్లన్నీ గాలిస్తే ఆ ఖర్చు ఫెమా భరించదు. ఫలానా చోట శిథిలాలు పడ్డాయని ముందుగా గుర్తించి, సర్వే ఎందుకు అవసరమో చూపితే, ఆ చోటు వరకు భరించవచ్చు. మరి ఆ చోటు ఎలా గుర్తించాలి? రొయ్యల పడవ నడిపే ముసలి కెప్టెన్లను అడుగు. వల తట్టుకున్న ప్రతి చోటునూ వాళ్లు ‘హ్యాంగ్’ అని రాసుకుంటారు. తేమకు ఉబ్బిపోయి, డీజిల్ మరకలు పడిన ఆ నోటుపుస్తకాల్లో పెన్సిలుతో రాసిన పాత లోరాన్ (జీపీఎస్‌కు ముందు రేడియో సంకేతాలతో స్థానం తెలిపిన పద్ధతి) అంకెలు, వాటి పక్కన తర్వాత చేర్చిన జీపీఎస్ అంకెలు కనిపిస్తాయి. పాత హ్యాంగ్ ఏదో, తుఫాను తర్వాత కొత్తగా వచ్చినదేదో తేల్చడానికి అంతకు మించిన సాక్ష్యం నాకు తెలియదు, ఎందుకంటే అది సొమ్ము కోసం రాసినది కాదు.

ఆ పుస్తకం ఎవరూ తేలికగా ఇవ్వరు. ఏ బాటలో వల లాగితే రొయ్య పడుతుందో కూడా అందులోంచి తెలిసిపోతుంది మరి. పుస్తకం అడగకుండా, కొత్త హ్యాంగ్‌ల తేదీ, స్థానం, లోతు, వలలో పైకి వచ్చిన వస్తువు మాత్రం అడిగి, కెప్టెన్ సంతకంతో ఒక కాగితం తీసుకో. అయితే వివరాలు బయటికి పొక్కవని మాట ఇచ్చేముందు పారిష్ న్యాయవాదిని కనుక్కో. కార్యాలయంలోకి వచ్చిన కాగితాన్ని బహిరంగ రికార్డుగా ఎవరైనా కోరవచ్చు.

పని లేక కట్టేసిన పడవలనే శిథిలాల తొలగింపుకు కుదుర్చుకోవాలన్న నీ ఆలోచన మంచిదే. కాకపోతే పోటీ పద్ధతిలోనే కుదుర్చుకోవాలి. ఖర్చు మీద ఇంత శాతం లాభమనే ఒప్పందం ఫెడరల్ నియమాల ప్రకారం నిషిద్ధం; గంటల లెక్కన ఇచ్చే ఒప్పందానికి గరిష్ఠ పరిమితి రాసి ఉండాలి. తీసిన ప్రతి వస్తువుకూ స్థానం, సమయం, ఫొటో ఉన్న చీటీ ఉండాలి, ఆ చీటీ రాసేవాడు కాంట్రాక్టరు మనిషి కాకూడదు. ఆడిటర్ అడిగేది ఆ చీటీలే.

పీతల బోన్లను మాత్రం ముట్టుకోనివ్వకు. వదిలేసినట్టు కనిపించినా వాటికి యజమాని ఉంటాడు, పరాయివాడు ఎత్తితే నేరమవుతుంది. టెక్సాస్‌లో 2002 నుంచి ఫిబ్రవరిలో 10 రోజులు వేట మూసివేసి, ఆ రోజుల్లో మిగిలిన బోన్లను స్వచ్ఛంద కార్యకర్తలు ఏరివేసేలా చేస్తున్నారు. మీ రాష్ట్రంలోనూ అటువంటి మూసివేత ఉంది, దానితో కలిసి పని పెట్టుకో. మునిగిన పడవలకూ యజమానిని వెతికి నోటీసు ఇవ్వాలి, బీమా ఉంటే ముందు ఆ సొమ్ము లెక్కలోకి రావాలి. ఆల్చిప్పల గుట్టల మీద, సముద్రపు గడ్డి మీద క్రేన్ పంజా వేయించేముందు పర్యావరణ అనుమతి చేతిలో ఉండాలి.

ఖర్చులో కనీసం 75 శాతం ఫెడరల్ వాటా, మిగిలినది మీ వైపు నుంచి రావాలి. వేటగాళ్లు ఉచితంగా చేసిన పని గంటలను ఆ మిగిలిన వాటాలో జమకట్టుకోవచ్చు, పేరు, తేదీ, గంటలు, చేసిన పని ఏ రోజుకారోజు రాసి ఉంటేనే.

గడువులు కూడా చెబుతాను. శిథిలాల పనికి విపత్తు ప్రకటన తేదీ నుంచి 6 నెలలు ఉంటుంది, తగిన కారణం చూపితే రాష్ట్రం పొడిగించగలదు. దరఖాస్తును ఫెమా కాదంటే అప్పీలుకు 60 రోజులు. సాయం కోరుతూ పెట్టే తొలి దరఖాస్తుకు మాత్రం, మీ పారిష్‌ను ప్రకటనలో చేర్చిన రోజు నుంచి 30 రోజులే. అది ఇంకా వెళ్లలేదని నీ ఉత్తరం చూస్తే అనుమానంగా ఉంది. మిగతావన్నీ పక్కన పెట్టి రేపు పొద్దున్నే దాన్ని పంపించు. పటం, చీటీల నమూనా తయారయ్యాక నాకు పంపు, చూసి పెడతాను.

ఇట్లు,
మీ మామయ్య