అక్షరం ఎగిరిందా, వెలిసిందా?

సందేహం: హైస్కూలు పిల్లలకు కంప్యూటర్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ప్రెజెంటేషన్ స్లైడ్లలో వచ్చే యానిమేషన్, ట్రాన్సిషన్ అనే వాటికి ఏ మాటలు వాడాలి? 'పాఠ్యమునకు సజీవత్వ పరివర్తన ప్రభావములను కల్పించుట' అని శీర్షిక పెడితే స్టాఫ్‌రూమ్‌లో ఎవరికీ అర్థం కాలేదు. ఫేడ్, వైప్ లాంటి పేర్లను ఎలా తెలుగు చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ శీర్షికలోని మాటలన్నీ నిఘంటువులో ఉన్నవే. అయినా అర్థం కాలేదంటే, అవి తెర మీద జరిగేది చూసి పెట్టినవి కావు, ఇంగ్లీషు మాట వేళ్లు తవ్వి తీసినవి. లాటిన్‌లో ఊపిరి, ప్రాణం అని అర్థమున్న 'అనిమా' నుంచే యానిమేషన్ వచ్చింది, నిజమే. కానీ మనకు ప్రాణం పోయడమంటే దేవుడో డాక్టరో చేసే పని. స్లైడులో అక్షరం కదులుతుంది, అంతే.

ముందు ఆ రెండింటినీ విడదీద్దాం. ఒక స్లైడు పోయి ఇంకోటి వచ్చేటప్పుడు కనిపించేది ట్రాన్సిషన్. ఉన్న స్లైడులోనే మాటలూ బొమ్మలూ కదిలితే యానిమేషన్. పవర్‌పాయింట్ 2007లో ఇవి రెండూ ఒకే ట్యాబ్ కింద ఉండేవి, 2010లో ట్రాన్సిషన్లకు వేరే ట్యాబ్ వచ్చింది. ఇప్పటికీ చాలామంది రెండింటినీ కలిపి యానిమేషన్లనే అంటారు. తెలుగులో ఆ తేడా క్రియలోనే తెలిసిపోతుంది: స్లైడు మారుతుంది, అక్షరం కదులుతుంది. మనం చేస్తే మారుస్తాం, కదిలిస్తాం.

ట్రాన్సిషన్‌కు సరిగ్గా అతికే సంస్కృత పదం 'సంక్రమణం'. రెండింటి మూలార్థం దాటి వెళ్లడమే. సూర్యుడు ధనుస్సు దాటి మకరంలో అడుగుపెడితే మనకు సంక్రాంతి. ఇంత చక్కగా కుదిరినా, పాఠంలో పెట్టమని మాత్రం చెప్పను. ఇవాళ సంక్రమించేవి తాతల ఆస్తులూ అంటురోగాలూ. 'స్లైడు మార్పు' చాలు. 'ప్రభావం' కూడా తుఫానుకో మందుకో వదిలేసి, ఇక్కడ ఎఫెక్టు అనండి, లేదా హంగు అనండి.

ఇక ఎఫెక్టుల పేర్లు. మాటలు తెర మీదికి రావడానికీ పోవడానికీ కొత్త పదాలు అక్కర్లేదు. నాటకాల పుస్తకాల్లో ఎన్నడో అచ్చయిన 'ప్రవేశం', 'నిష్క్రమణ' ఉన్నాయి. కూచిపూడి భాగవతంలో ఇద్దరు తెర పట్టుకుని నిలబడితే, సత్యభామ ముందు తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. మనిషి ఇంకా కనపడదు, జడ కనపడుతుంది. ప్రవేశమంటే ఏమిటో పిల్లలకు ఆ ఒక్క దృశ్యంతో చెప్పవచ్చు.

వైప్ దగ్గర జాగ్రత్త. 'తుడిచివేత' అని రాస్తే వచ్చే మాట పోయే మాటైపోతుంది. మనం పలక తుడిస్తే రాత పోతుంది, ఇక్కడేమో రాత వస్తోంది. 'తెర లాగినట్టు రావడం' అనండి. ఫ్లై ఇన్‌కు 'దూసుకురావడం'. 'ఎగిరి రావడం' అంటే ఎగరడం ముందూ రావడం తర్వాతా అనిపిస్తుంది.

ఫేడ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలనుంది. ఈ ఎఫెక్టుతో మాట నెమ్మదిగా కనిపించనూవచ్చు, నెమ్మదిగా మాయం కానూవచ్చు. తెలుగు వాడుకలో ఈ రెండు పనులూ చేసే రూపం ఒకటుంది. కొండ మీద స్వామి వెలిశాడు అంటే కనిపించాడని. చీర రంగు వెలిసింది అంటే పోయిందని. వాన వెలిసింది అన్నా అంతే, ఆగిందని. కాబట్టి వచ్చేటప్పుడు మాట 'వెలుస్తుంది', పోయేటప్పుడు 'వెలిసిపోతుంది'. ఇంతకంటే దగ్గరి మాట నాకు తట్టలేదు.

మీరు అడగకపోయినా ఒక్క విషయం చెప్పాలి. మాటల్ని ఒక్కో అక్షరంగా రప్పించే ఏర్పాటు ఉంటుంది కదా. ఇంగ్లీషు లెటరూ మన అక్షరమూ ఒకటి కావు. 'స్త్రీ' ఛందస్సులో ఒక్క అక్షరం, ఒక్క గురువు. వర్ణాలు లెక్కపెడితే స్, త్, ర్, ఈ అని నాలుగు. అన్ని భాషల రాతగుర్తులకూ ఒక్కో సంకేతం ఇచ్చే కంప్యూటర్ పద్ధతి యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంకేతాలు. ఒకసారి ఒక సభలో, యూనికోడ్ కాని పాత డీటీపీ (కంప్యూటర్ అచ్చుపని) ఫాంటుతో చేసిన స్లైడు వేశారు. ముందు తలకట్టు లేని ఒక ముక్క వచ్చింది, వెనక దాని వత్తు ఒంటరిగా దూసుకొచ్చింది. ఆ ఫాంట్లలో వత్తులూ గుణింతపు గుర్తులూ విడివిడి ముక్కలు, కంప్యూటర్ ఒక్కోదాన్నీ ఒక లెటర్ అనుకుంటుంది. నాకు మనసు చివుక్కుమంది. మీ పిల్లలకు యూనికోడ్‌లోనే టైపు చేయించండి, కదిలించేటప్పుడు అక్షరంగా కాక పదంగా రప్పించమనండి.

శీర్షిక ఇలా మార్చండి: 'స్లైడులో మాటలను కదిలించడం, స్లైడ్లను మార్చడం'. దాని పక్కనే యానిమేషన్, ట్రాన్సిషన్ అని కూడా రాయండి, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు పిల్లలకు కనిపించేవి ఆ పేర్లే.