పదహారు సీట్లకీ ఒక కేబినెట్, ఒక్క సీటుకీ ఒక కేబినెట్: ఏమిటీ లెక్క?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఢిల్లీ చుట్టూనే తిరిగాయి. ఎక్కువమంది అడిగినవాటిని ఏరి ఇస్తున్నాం. సీట్ల అంకెలు 2024 జూన్ 4 నాటి లోక్‌సభ ఫలితాలవి, మంత్రుల అంకెలు జూన్ 9 నాటి ప్రమాణ స్వీకారానివి. ఆ తర్వాతి ఉప ఎన్నికలు, మార్పుచేర్పులు ఇందులో కలపలేదు.

తెలుగుదేశానికి పదహారుమంది ఎంపీలుంటే ఒక కేబినెట్ మంత్రి, ఒక సహాయ మంత్రి. బిహార్‌లో ఒక్కటంటే ఒక్క సీటు గెలిచిన మాంఝీ పార్టీకీ కేబినెట్ మంత్రే. ఇన్ని సీట్లకి ఇన్ని పదవులని రూలేమైనా ఉందా?
— బ్యాంకు ఉద్యోగిని, కూకట్‌పల్లి

రూలు లేదు. రాజ్యాంగం 75వ అధికరణ చెప్పేది ఇంతే: ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు, మిగతా మంత్రులను ప్రధాని సలహా మీద నియమిస్తారు. ఏ పార్టీకి ఎన్ని పదవులన్నది పూర్తిగా బేరం.

జూన్ 9న ప్రమాణం చేసినవాళ్లు 72 మంది. ప్రధాని, 30 మంది కేబినెట్ మంత్రులు, స్వతంత్ర హోదా (పైన కేబినెట్ మంత్రి లేని) సహాయ మంత్రులు అయిదుగురు, మామూలు సహాయ మంత్రులు 36 మంది. వీళ్లలో 61 మంది బీజేపీవాళ్లు, 11 మంది మిత్రపక్షాలవాళ్లు. ఆ పదకొండూ ఎలా పంచారో చూస్తే సూత్రం ఏదీ లేదని తెలిసిపోతుంది. పన్నెండు సీట్ల జేడీయూకి తెలుగుదేశంతో సమానంగా ఒక కేబినెట్, ఒక సహాయ. అయిదు సీట్ల చిరాగ్ పాశ్వాన్‌కి కేబినెట్. రెండు సీట్ల కుమారస్వామి జేడీఎస్‌కి కేబినెట్. అదే ఏడు సీట్లున్న షిండే శివసేనకి మాత్రం స్వతంత్ర హోదా సహాయ మంత్రితో సరి. లోక్‌సభలో ఒక్క సీటూ లేని రామ్‌దాస్ అథవాలె రాజ్యసభ నుంచి సహాయ మంత్రి అయ్యారు. ఇద్దరు ఎంపీలున్న జనసేనకి ఏమీ రాలేదు.

మాంఝీ, కుమారస్వామి ఇద్దరూ మాజీ ముఖ్యమంత్రులు. అలాంటివాళ్లని సహాయ మంత్రిగా రమ్మని పిలవడం కుదరదు, పిలిచినా రారు. అజిత్ పవార్ ఎన్‌సీపీ విషయంలో జరిగింది ఇదే. స్వతంత్ర హోదా సహాయ మంత్రి పదవి ఇస్తామంటే, తమ ప్రఫుల్ పటేల్ ఇదివరకే కేబినెట్‌లో చేశారు, అది దిగజారడమే అవుతుందని ఆ పార్టీ వద్దంది. అంటే సీట్లతో పాటు మనిషి పాత హోదాని కూడా తూకం వేస్తారు.

తర్వాత శాఖ. పదవి ఖాయమైనా శాఖ దగ్గర బేరం తెగకపోతే ఏమవుతుందో మనవాళ్లకి బాగా తెలుసు. 2004లో అయిదు సీట్లతో యూపీఏలో చేరిన టీఆర్‌ఎస్ నుంచి కేసీఆర్ కేబినెట్ మంత్రి అయ్యారు. ముందు ఆయనకి అనుకున్న నౌకాయాన శాఖ డీఎంకే పట్టుబట్టడంతో అటు పోయింది. కార్మిక శాఖ దక్కేదాకా కొన్ని నెలలు ఆయన శాఖ లేని కేంద్రమంత్రి.

తెలుగుదేశం సంగతే తీసుకుంటే ఇంకో విచిత్రం. 1996లో, 2014లో, 2024లో ఆ పార్టీ గెలిచింది సరిగ్గా పదహారే. మూడుసార్లూ ప్రభుత్వంలో చేరింది. 1996లో ఎర్రన్నాయుడు మంత్రి, 2024లో ఆయన కొడుకు రామ్మోహన్ నాయుడు మంత్రి. ఇప్పుడు వచ్చిన పౌర విమానయానం 2014లో అశోక్ గజపతిరాజు చూసిన శాఖే. ఇరవై తొమ్మిది గెలిచిన 1999లో మాత్రం ఒక్క మంత్రీ లేడు. బయటి నుంచి మద్దతిచ్చి, స్పీకర్ పదవి బాలయోగికి ఉంచుకున్నారు. మంత్రుల్ని లెక్కపెట్టి ఒక పార్టీ పలుకుబడిని కొలవడం అందుకే తప్పు. 2024 జూలై బడ్జెట్‌లో అమరావతికి ఆ ఏడాది రూ.15,000 కోట్లు సమకూరుస్తామన్న మాట వచ్చింది ఆర్థిక మంత్రి నోట. ఆ శాఖ తెలుగుదేశం చేతిలో లేదు.

మా ఇరానీ హోటల్‌ల రోజూ ఒకటే లొల్లి. చంద్రబాబు పక్కకు జరిగితే ఢిల్లీ సర్కారు పడిపోతదని ఒకలంటరు, ఏం గాదని ఇంకొకలంటరు. ఏది నిజం?
— ప్రింటింగ్ ప్రెస్ నడిపే పాఠకుడు, నాంపల్లి

చాయ్ చల్లారేలోపు తేలే లెక్కే ఇది. సభలో 543 మంది, సగం దాటాలంటే 272. ఎన్డీయేకి 293. అందులోంచి తెలుగుదేశం 16 తీసేస్తే 277, ఇంకా అయిదు ఎక్కువే. జేడీయూ 12 మాత్రమే పోతే 281. రెండూ కలిసి పోతే 265, ఏడు తక్కువ. కాబట్టి ఒక్కరు జరిగితే పడదు, ఇద్దరూ జరిగితే ఆగదు. ఒకరు పోయాక మిగిలినవాళ్ల రేటు మాత్రం అమాంతం పెరుగుతుంది. తెలుగుదేశం లేని 277లో శివసేన ఏడుగురు కూడా సర్కారుని పడగొట్టగలరు. అందుకే అసలు బలం ఎవరిదన్నది ఇంకెవరు అలిగారన్న దాని మీద ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 272 అన్నది సభ నిండుగా ఉన్నప్పటి అంకె. ఓటింగులో చూసేది హాజరై ఓటేసినవాళ్లలో ఎక్కువ ఎటన్నదే. ఒక పార్టీ ఎదురు ఓటు వేయకుండా బయటికి నడిచిపోతే గీత కిందికి జరుగుతుంది. పదహారుమంది గైర్హాజరైతే సభలో మిగిలేది 527 మంది, 264 చాలు. అలిగిన పార్టీలకి వాకౌట్ ఇష్టమయ్యేది ఇందుకే: నిరసన తెలిపినట్టూ ఉంటుంది, సర్కారూ నిలుస్తుంది. రెండు పక్కలా సమానమైతే తప్ప స్పీకర్ ఓటు వేయరు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటుతో పోయింది.

ఇక మద్దతు ఉపసంహరణ. రాష్ట్రపతికి లేఖ ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం పోదు. బలం నిరూపించుకోమని రాష్ట్రపతి ప్రధానిని అడగవచ్చు, లేదా సభలో ఎవరైనా అవిశ్వాస తీర్మానం పెట్టాలి. దాని నోటీసు ఆ రోజు ఉదయం పది గంటల్లోగా ఇవ్వాలి. స్పీకర్ అడిగినప్పుడు కనీసం 50 మంది తమ చోట్ల లేచి నిలబడాలి. అప్పుడే అనుమతి. అనుమతిచ్చాక పది రోజుల్లోపు చర్చ పెట్టాలి. చిక్కు వచ్చేది ఆ నిలబడే దగ్గరే. 2018 మార్చిలో ఎన్డీయే నుంచి బయటికొచ్చిన తెలుగుదేశం, అటు వైసీపీ రోజూ నోటీసులిచ్చినా, వెల్‌లో (స్పీకర్ కుర్చీ ముందున్న చోట) నినాదాల గోలలో తలలు లెక్కపెట్టలేనంటూ స్పీకర్ సభను వాయిదా వేస్తూ పోయారు. ఆ సమావేశాలు అలాగే ముగిశాయి. జూలైలో అనుమతి దొరికి, 20వ తేదీన ఓటింగు జరిగితే తీర్మానానికి 126, వ్యతిరేకంగా 325.

ఎంపీలు విడివిడిగా జారిపోవడం కూడా తేలిక కాదు. విప్ (ఇలా ఓటేయమన్న పార్టీ ఆదేశం) ధిక్కరిస్తే రాజ్యాంగం పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం కింద సభ్యత్వానికే ఎసరు. మూడింట రెండొంతులమంది కలిసి వేరే పార్టీలో విలీనమైతేనే రక్షణ. పదహారులో అది 11, పన్నెండులో 8. మూడోవంతు చీలిక చాలన్న పాత వెసులుబాటు 91వ రాజ్యాంగ సవరణతో పోయింది.

543లో 15 శాతం అంటే 81.45. కేంద్రంలో గరిష్ఠ మంత్రులు 81 అని రాయాలా, 82 అని రాయాలా? తెలంగాణకి 119లో 17.85 వస్తుంది, అందరూ 18 అంటున్నారు. మాక్ టెస్టులో మార్కు పోయింది సార్.
— గ్రూప్స్ అభ్యర్థి, అశోక్‌నగర్

81. ప్రధానిని కలిపే. 2003 నాటి 91వ సవరణ తెచ్చిన 75(1ఎ)లో మాట, మంత్రుల సంఖ్య లోక్‌సభ మొత్తంలో 15 శాతానికి ‘మించరాదు’ అని ఉంది కాబట్టి 82కి దారి లేదు. రాష్ట్రాలకి 164(1ఎ). అక్షరాలా చదివితే తెలంగాణకి 17 రావాలి గానీ, ఆచరణలో ముఖ్యమంత్రితో కలిపి 18 మందితో మంత్రివర్గం నడిచింది. పరీక్షలో 18 రాయండి. చిన్న రాష్ట్రాలకి శాతం ఎంతొచ్చినా కనీసం 12 అన్నది మరిచిపోకండి. ఉప ప్రధాని అనే పదవి రాజ్యాంగంలో లేదు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు కూడా ఈ లెక్కలో ఒక మంత్రే.

సికింద్రాబాద్ ఎంపీ కేబినెట్ మంత్రి, కరీంనగర్ ఎంపీ హోం శాఖ సహాయ మంత్రి. ఇద్దరూ కేంద్రమంత్రులే కదా. పనిలో తేడా ఏమిటి? హోం అంటే పెద్దది కాబట్టి రెండోదే ఎక్కువా?
— రిటైర్డ్ ఉద్యోగి, సైనిక్‌పురి

శాఖ పెద్దదైనంత మాత్రాన సహాయ మంత్రి పెద్దవాడు కాడు. బొగ్గు, గనుల శాఖలో కిషన్ రెడ్డి సంతకంతో పని ముగిసే ఫైళ్లుంటాయి. ఆయన కేబినెట్ సమావేశంలో కూర్చుంటారు. హోం శాఖలో ఆ స్థానం అమిత్ షాది. ఆయన కింద సహాయ మంత్రులు ఇద్దరు, నిత్యానంద రాయ్, బండి సంజయ్. వాళ్ల దగ్గరికి ఏ విభాగం ఫైళ్లు వెళ్లాలో కేబినెట్ మంత్రి పని విభజన ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు పలచగా ఉంటే సహాయ మంత్రి చేతిలో మిగిలేది పార్లమెంటులో ప్రశ్నలకి జవాబులు చదవడం, ప్రారంభోత్సవాలకి వెళ్లడం. ‘మాకు ఫైళ్లే రావు’ అన్న గొణుగుడు ఏ పార్టీ పాలనలోనైనా వినిపించేదే.

స్వతంత్ర హోదా ఉన్నవాళ్లది వేరే సంగతి. వాళ్ల పైన కేబినెట్ మంత్రి ఉండడు, శాఖ అంతా వాళ్లదే. అయినా కేబినెట్ సమావేశానికి తమ శాఖ అంశం వచ్చినప్పుడు పిలిస్తేనే వెళ్తారు.

గుంటూరు ఎంపీ పెమ్మసానిది ఇంకా చిత్రమైన స్థితి. గ్రామీణాభివృద్ధిలో శివరాజ్ సింగ్ చౌహాన్ కింద, కమ్యూనికేషన్లలో జ్యోతిరాదిత్య సింధియా కింద, రెండు చోట్లా సహాయ మంత్రే. నరసాపురం ఎంపీ శ్రీనివాస వర్మకి ఉక్కు, భారీ పరిశ్రమలు. పైన కుమారస్వామి, అంటే మిత్రపక్షం మంత్రి కింద బీజేపీ సహాయ మంత్రి. విశాఖ ఉక్కు ఈ శాఖదే కాబట్టి ‘ఇక మనవాడే చూసుకుంటాడు’ అన్నారు చాలామంది. కానీ 2025 జనవరిలో ఆ ప్లాంటుకి రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఖాయమైంది కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీలో. శాఖ ప్రతిపాదన తయారు చేస్తుంది, డబ్బు పెద్దదైతే మాట అక్కడ తెగుతుంది. మీ ప్రాంతం పని ఏదైనా కేంద్రంలో ఉంటే సహాయ మంత్రికి అర్జీ ఇవ్వండి, తప్పు లేదు. దాని నకలు ఒకటి కేబినెట్ మంత్రి కార్యాలయానికీ పంపండి.

ఎన్నికల్లో ఓడినవాళ్లని మంత్రుల్ని ఎలా చేస్తారు? ఇది ఓటర్లని వెక్కిరించడం కాదా?
— గృహిణి, ఉప్పల్

వెక్కిరింతో కాదో మీ ఇష్టం, చట్టప్రకారం మాత్రం కుదురుతుంది. 75(5) ప్రకారం ఏ సభలోనూ సభ్యుడు కాని మంత్రి వరసగా ఆరు నెలలు అలాగే ఉండిపోతే పదవి పోతుంది. ఆ గడువులోపు లోక్‌సభకో రాజ్యసభకో ఎన్నిక కావాలి. లూధియానాలో ఓడిన రవ్‌నీత్ సింగ్ బిట్టు జూన్‌లో ప్రమాణం చేసి, ఆగస్టులో రాజస్థాన్ నుంచి రాజ్యసభకి వెళ్లారు. ఈ వెసులుబాటు మన పీవీకీ అవసరమైంది. 1991 జూన్ 21న ప్రధాని అయ్యేనాటికి ఆయన ఎంపీ కారు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ పోటీ పెట్టలేదు.

ఆరు నెలలయ్యే ముందు రాజీనామా చేసి, మళ్లీ ప్రమాణం చేసి ఇంకో ఆరు నెలలు సాగదీసే ఎత్తు కూడా ఒకప్పుడు వేశారు. పంజాబ్ మంత్రి ఒకరి కేసులో 2001లో సుప్రీంకోర్టు అది చెల్లదంది.

2014, 2019లలో కాంగ్రెస్‌కి ప్రతిపక్ష నేత హోదా ఇవ్వలేదు, 2024లో ఇచ్చారు. మన తెలుగుదేశం ఒకప్పుడు ప్రధాన ప్రతిపక్షం కదా, దానికి ఇచ్చారా?
— జూనియర్ లాయర్, ఎల్బీనగర్

ఇవ్వలేదు. 1984లో 30 సీట్లతో ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీ అయినా హోదా రాలేదు. సభ మొత్తంలో పదో వంతు, అంటే 55 మంది ఉండాలన్నది ఆనవాయితీ. కాంగ్రెస్‌కి 2014లో 44, 2019లో 52, 2024లో 99. మీరు లాయరు కాబట్టి ఒక మాట: ప్రతిపక్ష నేతల జీతభత్యాల చట్టం (1977)లో ఈ పది శాతం ఎక్కడా కనబడదు. ప్రతిపక్షాల్లో ఎక్కువ సభ్యులున్న పార్టీ నాయకుడు, స్పీకర్ గుర్తించినవాడు అని మాత్రమే ఉంది. పది శాతం స్పీకర్ ఆదేశాల వైపు నుంచి వచ్చింది. హోదా వస్తే కేబినెట్ మంత్రి స్థాయితో పాటు ప్రధాన ఎన్నికల కమిషనర్, సీబీఐ డైరెక్టర్ వంటివాళ్లను ఎంపిక చేసే కమిటీల్లో కుర్చీ దొరుకుతుంది.

ఫలితాల రోజు ఒక చానల్ ఎన్డీయేకి 292 అంది, ఇంకోటి 293 అంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో చూద్దామంటే కూటమి లెక్కే లేదు!
— డిగ్రీ విద్యార్థి, మెహదీపట్నం

ఉండదు. ఎన్నికల సంఘానికి పార్టీలు తెలుసు, కూటములు తెలియవు. ఒక్క ఎంపీ ఉన్న పార్టీలని చానళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కలుపుతాయి, వదిలేస్తాయి. మీరే కూడి చూసుకోండి: బీజేపీ 240, తెలుగుదేశం 16, జేడీయూ 12, శివసేన 7, లోక్‌జనశక్తి 5. జనసేన, జేడీఎస్, ఆర్‌ఎల్‌డీ తలా 2. ఎన్‌సీపీ, అప్నాదళ్, మాంఝీ పార్టీ, ఏజేఎస్‌యూ, అస్సాం గణపరిషత్, యూపీపీఎల్, సిక్కిం క్రాంతికారీ మోర్చా తలా ఒకటి. 293 వస్తుంది.