పందిరి మంచం పెట్టుబడి కాదు, దానికి తెచ్చే అప్పు మాత్రం అప్పే

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. నెల్లూరులో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, చేతికొచ్చే జీతం 68,000. వేదాయపాలెంలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నాం. గృహరుణం ఈఎంఐ 21,500, ఇంటి ఖర్చు, పాప ఫీజు కలిపి 34,000. బ్యాంకులో 1,90,000 ఉంది. ఫర్నిచర్‌కు 4,60,000 అవుతోంది. తమిళనాడులోని కారైక్కుడి నుంచి పాతకాలపు టేకు పందిరి మంచం, భోషాణం, వాలుకుర్చీ 2,50,000. ఇక్కడి షోరూములో కొత్త సోఫా, డైనింగ్ టేబుల్, వార్డ్‌రోబ్ 2,10,000. చేతి డబ్బు 60,000 పెడితే మిగతా 4 లక్షలు 12 శాతం ఫ్లాట్ వడ్డీకి మూడేళ్ళకు ఫైనాన్స్ ఇస్తామన్నారు. ఆ 60,000లో షోరూముకు 10,000 అడ్వాన్సు ఇచ్చేశాం. పాత టేకు ధర ఎలాగూ పెరుగుతుంది కాబట్టి పెట్టుబడి కూడా అవుతుందని మా ఆలోచన. ఆరోగ్య బీమా కంపెనీ ఇచ్చిన 3 లక్షలదే ఉంది. ముందుకెళ్ళమంటారా?

జవాబు: వద్దు. మీ ఒక్కరి కోసమైతే ఈ ముక్కతో సరిపెట్టేవాణ్ణి. కానీ కొత్త ఇంట్లో చేరిన ప్రతి రెండో కుటుంబం చేసే పనే ఇది. మనసుపడ్డ వస్తువుకు పెట్టుబడి అని పేరు పెట్టి, ఆ పేరు చూపించి అప్పు తెచ్చుకోవడం.

ముందు ఆ 12 శాతం సంగతి. ఫ్లాట్ వడ్డీ అంటే మూడేళ్ళూ మొత్తం 4 లక్షల మీదే లెక్క, మీరు అసలు తీరుస్తూ వచ్చినా తగ్గదు. వడ్డీ 1,44,000, నెలకు 15,111. అదే 12 శాతం మిగిలిన అసలు మీద మాత్రమే వేస్తే కిస్తు 13,286, మొత్తం వడ్డీ 78 వేల చిల్లర. మీకు చెప్పింది 12, మీరు కట్టేది 21 శాతం పైన. రెండు రూపాయల వడ్డీకి ఇస్తానని ఎవరైనా వస్తే బజారు వడ్డీ అని గుమ్మంలోంచే పంపించేస్తారు కదా, ఇది దానికి కాస్తే తక్కువ. ఏసీ షోరూములో కూర్చోబెట్టి ఇస్తున్నారు, అంతే తేడా. దీని బదులు జీరో వడ్డీ ఈఎంఐ చూపిస్తే, రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారో అడగండి. ఆ తగ్గింపు, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

ఇక మీ నెల లెక్క. 68,000లో 55,500 పోతే మిగిలేది 12,500. కిస్తు 15,111. అంటే మొదటి నెల నుంచే 2,611 లోటు. ఆ లోటు క్రెడిట్ కార్డు మీదకి వెళ్తుంది, మరెక్కడికీ పోదు.

నేను ఎక్కువగా భయపడుతున్నది అత్యవసర నిధి గురించి. చేతి డబ్బులో మిగతా 50,000 కూడా ఇచ్చేస్తే బ్యాంకులో 1,40,000 ఉంటుంది. కొత్త కిస్తుతో కలిపి మీ నెల ఖర్చు 70,611. జీతం ఆగితే ఆ డబ్బు రెండు నెలలు కూడా నిండా రాదు. మీ ఉద్యోగం రొయ్య మీద ఆధారపడినది. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచినప్పుడు మన తీరంలో రైతు నుంచి మేత కంపెనీ దాకా ఎంత కంగారు పడ్డారో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఇలాంటి రంగంలో ఉన్నవారికి ఆరు నెలల ఖర్చు కనీసం. మీకు 3,33,000. అందులో ఒక నెలది సేవింగ్స్ ఖాతాలో, మిగతాది అడిగిన రోజున విరిచే ఫిక్స్‌డ్ డిపాజిట్లలో, 50,000 చొప్పున విడివిడిగా వేయండి. చిన్న అవసరానికి పెద్ద డిపాజిట్ విరవక్కర్లేదు. చీటీ అత్యవసర నిధి కాదు. పాట మీకు కావలసిన నెలలో రాదు.

భోషాణం అత్యవసర నిధి అసలే కాదు. పాత సామాను కొనేటప్పుడు ఒక ధర, అదే దుకాణానికి తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో ధర. సరైన గిరాకీ దొరకడానికి నెలలు పడుతుంది. ఆసుపత్రి కౌంటరు దగ్గర వాలుకుర్చీ చెల్లదు. పైగా అమ్మేవారు చెప్పే వయసుకు రుజువేమిటి? వందేళ్ళు దాటితేనే యాంటిక్ అంటారు, అంతకు లోపుది వింటేజ్, ధరలో తేడా చాలా ఉంటుంది. సొరుగు బయటికి లాగి తిరగేసి చూడండి. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు 1930ల మధ్య నుంచి వచ్చినవి. అవి కనిపిస్తే వస్తువు కొత్తదైనా అయుండాలి, మరమ్మతు అయినా జరిగుండాలి. కనిపించని వెనక పలకకు కూడా ముందు భాగంలాగే నున్నగా పాలిష్ ఉంటే అనుమానించండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి తెల్లటి పొడి ఉంటే పురుగు ఇంకా లోపలే ఉంది. అది ఇంట్లోకొస్తే కొత్త సోఫా చట్రానికీ ఎక్కుతుంది. టేకులో చేవకే, అంటే నడిమి గట్టి చెక్కకే చెద పట్టదు, అంచుల్లో ఉండే తెల్ల చెక్కకు పడుతుంది. కాళ్ళ అడుగున గోరుతో గీకి చూస్తే ఏది ఏదో బయటపడుతుంది.

పందిరి మంచం మీ ఇంటికి నప్పదని కూడా నా అభిప్రాయం. ఏడడుగుల స్తంభాలు, పైన పందిరి, దాని మీద ఫ్యాను. గాలి బట్టకే తగులుతుంది. పాత మంచాల కొలతలు ఇప్పటి 78 బై 60, 78 బై 72 అంగుళాల పరుపులకు కుదరవు, పరుపు విడిగా చేయించాలి. చెన్నై దాటి ఇంకా నాలుగొందల కిలోమీటర్ల అవతల నుంచి లారీ బాడుగ, విప్పి బిగించే వడ్రంగి కూలి మీ 2,50,000లో ఉన్నాయా? లిఫ్టు తలుపు, మెట్ల మలుపు టేపుతో కొలవకుండా భోషాణానికి డబ్బు కట్టకండి. అంతగా ముచ్చటగా ఉంటే వాలుకుర్చీ ఒక్కటి తీసుకోండి. హాల్లో ఒక పాత వస్తువు, చుట్టూ సాదా కొత్తవి, చిన్న ఫ్లాటుకు అదే బాగుంటుంది. మన దగ్గరే పాత మిద్దెలు పడగొట్టేటప్పుడు మంచి టేకు కుర్చీలు బయటికొస్తాయి, విచారించండి.

వార్డ్‌రోబ్‌కు పార్టికల్ బోర్డు వద్దు. మన తేమకు అంచులు ఉబ్బి బిజాగరీలు ఊడతాయి. ఐఎస్ 303 ముద్ర, బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) గ్రేడ్ ఉన్న ప్లైవుడ్ అడగండి. అడుగున నాలుగంగుళాల కాళ్ళు పెట్టించండి.

బీమా వైపు వస్తే, కంపెనీ ఇచ్చిన 3 లక్షలు ఉద్యోగంతో పాటే పోతాయి. కుటుంబానికి సొంతంగా, అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమాగా 10 లక్షల ఫ్లోటర్, గృహరుణం ఉంది కాబట్టి మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీలపై జీఎస్టీ లేదు, ఆ సాకూ లేదు. ఇంటికి భారత్ గృహ రక్ష తీసుకోండి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయిన ఊరు మనది. ఈ పాలసీలో కట్టడం విలువలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇంటి సామానుకు కవర్ దానంతటదే వస్తుంది. ఖరీదైన పాత వస్తువులుంటే విలువ ముందే ఒప్పుకుని విడిగా చేర్పించుకోవాలి. చెదకు, పురుగుకు ఏ పైసా రాదు. మామూలు దొంగతనానికి వేరే కవర్ కావాలి.

ఈ ప్రీమియాలకు నెలకు 2,500 పక్కన పెట్టండి. మిగిలిన 10,000తో నిధిలో తక్కువ పడే 1,43,000 పదిహేను నెలల్లో నిండుతుంది. అప్పటిదాకా అద్దె ఇంటి నుంచి తెచ్చిన సామానే వాడండి. తర్వాత అదే 10,000తో రొక్కానికి ఒక్కొక్కటి కొనండి. ముందు మంచం, తర్వాత వార్డ్‌రోబ్, డైనింగ్ టేబుల్, సోఫా. వాలుకుర్చీ చివర. బంగారం పెట్టి ఇప్పుడే కొందామా అని ఇంట్లో అనుకుంటే దానికీ నా జవాబు ఇదే.

షోరూముకిచ్చిన 10,000 వెనక్కి అడగండి. ఫైనాన్స్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టలేదనే అనుకుంటున్నాను. వాళ్ళు ఇవ్వం అంటే, తర్వాత కొనే మంచంలో సర్దేలా గడువు తేదీ లేని క్రెడిట్ నోటు రాయించుకోండి. దానికీ ఒప్పుకోకపోతే ఆ 10,000 పోయిందనుకుని బయటికి రండి.