గేర్‌బాక్స్ వేడికి డిపాజిట్ కరగాలా?

ప్రశ్న: నాకు 62 ఏళ్లు. టీచరుగా రిటైరయ్యాను, ఉండేది కావలి. చెన్నైలో షూటింగులకు అద్దెకు తిరిగిన 1976 నాటి అమెరికా విన్నెబేగో మోటార్‌హోమ్‌ను (లోపలే ఇల్లులా ఉండే బండి) మూడేళ్ల కింద ఆరు లక్షలకు కొన్నాను. డాడ్జ్ ఛాసిస్, పెట్రోలు ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. మొన్న మే నెలలో నేనూ మా ఆవిడా శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చింది. ఇంజను అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. పక్కకు తీసి, గేరు లివరును పార్కు (P)లో పెట్టి, ఇంజను ఆపకుండా అరగంట ఆగాం. లాభం లేక వెనక్కి దిగివచ్చాం. గేర్‌బాక్స్ మొత్తం విప్పి కొత్త సామాను వేయాలని, 2.4 లక్షలవుతుందని నెల్లూరులో ఒక షెడ్డువాళ్లు అన్నారు. గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పెట్టిస్తే చాలని, 42 వేలని ఒంగోలు మెకానిక్ అంటున్నాడు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలున్నాయి, వేసి 14 నెలలైంది. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. పెన్షన్ ఇంటి ఖర్చులకు సరిపోతుంది. స్కీము డబ్బు తీసి గేర్‌బాక్స్ చేయించనా? ఆర్‌సీ గడువు కూడా దగ్గరపడింది.

(ఉత్తరం వెనక వేరే చేతిరాతలో ఒక ముక్క ఉంది: "అమ్మేయమని చెప్పండి సార్.")

జవాబు: మాస్టారూ, వెనకవైపు ముక్క సంగతి చివర్లో చూద్దాం. ముందు పోస్టాఫీసు వైపు వెళ్లకండి.

ఆ స్కీములో కొంచెం తీసుకుని మిగతాది ఉంచడం కుదరదు. తీస్తే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండకముందే మూస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. మీ 15 లక్షల మీద అది 22,500. అంటే ఒక్క నట్టు విప్పకముందే ఒంగోలు మెకానిక్ అడిగిన దాంట్లో సగానికి పైగా పోయినట్టు. ఇప్పుడు 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 30,750 వడ్డీ వస్తోంది. కోతా రిపేరూ పోగా మిగిలేది 12,37,500. దాన్ని మళ్లీ అదే రేటుకు వేసినా మూడు నెలల వడ్డీ 25,400 దగ్గర ఆగుతుంది, పైగా గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బండి బాగైనా కాకపోయినా ఆ లోటు మాత్రం ప్రతి మూడు నెలలకూ కనిపిస్తుంది.

ఇక గేర్‌బాక్స్. మెకానిక్కుల పనిలో నాకేం పనని అనుకోకండి. మా నాన్నకు చీమకుర్తి గ్రానైట్ తోలే లారీలుండేవి. రిపేరు బిల్లులో ఏ వరుస ముందు చూడాలో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే. మీరు పంపిన 2.4 లక్షల కొటేషన్ రెండుసార్లు చదివాను. క్లచ్ ప్లేట్లు, సీళ్లు, కన్వర్టర్, లేబరు అన్నీ ఉన్నాయి. కూలర్ మాట లేదు. రేడియేటర్ మాట లేదు. కాలడానికి కారణమేదో దాన్ని అలాగే వదిలేసి, కాలిన సామాను మాత్రం మారుస్తామంటున్నారు. కొత్త ప్లేట్లు కూడా అదే ఘాట్‌లో అదే వేడికి కాలతాయి.

మీ బండిలో ఇంజనుకూ గేర్లకూ మధ్య కాలితో తొక్కే క్లచ్ ఉండదు, టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఆయిల్ తిరుగుడుతోనే బలం చక్రాలకు అందుతుంది. బరువైన బండి ఎత్తు ఎక్కేటప్పుడు లోపల జారుడు పెరిగి, ఆ జారుడంతా వేడిగా మారి ఆయిల్‌లోకి దిగుతుంది. ఇప్పటి కార్లలో వేగం అందుకోగానే కన్వర్టర్ బిగుసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ కాలపు మూడు గేర్ల పెట్టెల్లో అది లేదు. వేడెక్కిన ఆయిల్ గొట్టం గుండా రేడియేటర్ తొట్టిలోని చిన్న కూలర్‌కు వెళ్లి, చల్లబడి తిరిగొస్తుంది. అయితే ఆ తొట్టిలో నీళ్లే 90 డిగ్రీల దగ్గర ఉంటే ఆయిల్ అంతకన్నా చల్లగా ఎలా వస్తుంది? యాభై ఏళ్ల రేడియేటర్‌లో గొట్టాలు సగం పూడిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు. దానికి తోడు మన రోహిణి కార్తె.

ఈ ఆయిల్ సంగతిలో నాకు నచ్చే లెక్క ఒకటుంది, చక్రవడ్డీని తలకిందులు చేసినట్టుంటుంది. ఆయిల్ 80 డిగ్రీల దగ్గర ఉంటే 1.6 లక్షల కిలోమీటర్లు పనికొస్తుందంటారు. అక్కడి నుంచి ప్రతి 11 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. 91కి 80 వేలు, 102కి 40 వేలు, 113కి 20 వేలు. 115 దాటితే లోపల జిగురు పొర కడుతుంది, 127 దగ్గర సీళ్లు గట్టిపడతాయి, 146 దగ్గర ప్లేట్లు జారడం మొదలవుతుంది. ఇది మోటు లెక్కే, కానీ దిశ తప్పదు. దోర్నాల పైన మీ ఆయిల్ ఎన్ని డిగ్రీల్లో ఉందో మీకు తెలియదు, ఎందుకంటే డాష్‌బోర్డులో దానికి మీటరే లేదు.

కాబట్టి మొదటి ఖర్చు 42 వేలూ కాదు, 2.4 లక్షలూ కాదు. గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని, అదే పాన్‌ను, విప్పించి, మీరు దగ్గరుండి చూడండి. లేబరుకు వెయ్యో రెండు వేలో అవుతుంది. ఆయిల్ ఎర్రగానో కాస్త ముదురుగానో ఉండి, అడుగున సన్నటి బూడిదరంగు మడ్డి మాత్రమే కనిపిస్తే ఒంగోలు ఆయన మాట నిలుస్తుంది. నల్లబడి, మాడు వాసన కొడుతూ, ప్లేట్ల పొట్టూ లోహపు పలుకులూ కనిపిస్తే కూలర్ ఒక్కటే కాపాడలేదు. రోజ్‌మిల్క్‌లా గులాబీ రంగు తిరిగి ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ చిల్లిపడి నీళ్లు కలిశాయని అర్థం. అప్పుడు బండి స్టార్ట్ కూడా చేయొద్దు.

మొదటి రకమైతే డబ్బు మీ దగ్గర ఉన్నట్టే. ఈ మూడు నెలల వడ్డీ, వచ్చే విడత వడ్డీ కలిపితే 61,500. అందులోంచి ఆ 42 వేల పని చేయించండి. పనిలో ఇవన్నీ ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోండి: రేడియేటర్ కడగడం, కొత్త ఆయిలూ ఫిల్టరూ, రేడియేటర్ ముందు గాలి తగిలేచోట బండి బరువుకు తగిన ప్లేట్ల కూలర్, పాతికేళ్ల రబ్బరు గొట్టాల బదులు కొత్తవి, పాన్‌కు వేడి మీటరు. వేడి ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, తర్వాత కొత్త కూలర్‌లోకి, అక్కణ్ణుంచి గేర్‌బాక్స్‌కు రావాలి. డబ్బు తగ్గితే కూలర్‌ను ఒక విడత ఆపుకోవచ్చు, మీటరును మాత్రం ఆపొద్దు.

రెండో రకమైతే తొందరపడకండి. ఆరు లక్షల బండికి 2.4 లక్షలంటే కొన్న ధరలో నలభై శాతం. చేయించాలనే అనుకుంటే ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీకి సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది, అంతే. ప్రతి విడత స్కీము వడ్డీతో తీర్చుకుంటూ పోతే ఏ డిపాజిట్టూ పగలదు. ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోవద్దు. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటారు పాలసీలో రావు.

ఏది చేయించేముందైనా ఆర్‌సీ లెక్క తేల్చుకోండి. 2025 ఆగస్టులో పెంచిన ఫీజుల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి నాలుగు చక్రాల బండికి రెన్యువల్ 80,000. అయిదేళ్లకు పంచితే నెలకు 1,333. పెట్రోలు ఇంకో పెద్ద పద్దు. ఇలాంటి బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. కావలి నుంచి శ్రీశైలం రానుపోను 500 కిలోమీటర్లనుకుంటే, లీటరు 110 లెక్కన దాదాపు 14 వేలు. "వింటేజ్ నంబరు తీసుకోండి, విలువ పెరుగుతుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. 2021 నిబంధనల్లో 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బళ్లకు ఆ సదుపాయం ఉంది, కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు. కానీ ఆ నంబరుతో ప్రదర్శనకో, సాంకేతిక పరిశోధనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో మాత్రమే రోడ్డెక్కాలి. మల్లన్న దర్శనం ఆ జాబితాలో లేదు.

పైసా ఖర్చు లేని సంగతి ఒకటి. డాడ్జ్ ఛాసిస్‌తో సాధారణంగా వచ్చేది టార్క్‌ఫ్లైట్ గేర్‌బాక్స్. ఆ పాత రకంలో పార్కులో పెడితే ఆయిల్ కూలర్‌కు వెళ్లదు. ఆ అరగంటా మీరు ఇంజను నడిపారు గానీ గేర్‌బాక్స్ తన వేడిలో తానే ఉడికింది. ఇకపై ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి ఇంజనును కాస్త ఎక్కువ వేగంతో తిరగనివ్వండి. ఎత్తులో మీరే సెకండ్ గేరుకు దించండి, టాప్‌లో పెట్టి ఈడ్పించొద్దు. నీళ్ల ట్యాంకు కొండ ఎక్కాక నింపుకోండి. ఓ ఆరు నెలలు మైపాడు, రామాయపట్నం, కొత్తపట్నం తిరిగి, మీటరు ఎంత చూపించిందో డైరీలో రాసుకోండి. దారంతా బల్లపరుపే, సముద్రపు గాలి కూడా.

ఇక అమ్మగారి మాట. అమ్మినా అమ్మకపోయినా పాన్ విప్పి చూడటం, మీటరు పెట్టించడం దండగ కాదు. గేర్‌బాక్స్ సంగతి తెలియని బండికి కొనేవాడు 2.4 లక్షలు తగ్గించే బేరం మొదలుపెడతాడు. ఆరు నెలల డైరీ ముందు పెడితే అంత తగ్గించలేడు. ఆ డైరీ అమ్మగారి చేతే రాయించండి.