ఉప్పునీటి ట్యాంకులో నైట్రేట్ దిగడం లేదా? ముందు మీరు పోసే నీళ్లను అనుమానించండి

ఉప్పునీటి చేపల ట్యాంకులో ప్రతి వారం నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి చివరికి తయారయ్యేది) లీటరుకు 80 మిల్లీగ్రాముల దగ్గరే కూర్చుంది, దించడానికి ఏ మందు వేయాలి అని అడిగారు. మందు సంగతి చివర్లో చెప్తాను. ఇదే తలనొప్పి నేను ఏడెనిమిది నెలలు పడ్డాను కాబట్టి నా గోల కాస్త ఓపిగ్గా వినండి. హైదరాబాద్‌లో మా హాల్లో 200 లీటర్ల ట్యాంకు, రెండు క్లౌన్ చేపలు, మూడు డామ్‌సెల్ చేపలు, నాలుగైదు హెర్మిట్ పీతలు, డ్రై రాక్ అనే ఎండు రాళ్లు. పగడాలు లేవు, పెట్టను కూడా. రాతి పగడాలు మన వన్యప్రాణి చట్టంలో 1వ షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి, షాపువాడు "ఏం కాదు సార్" అన్నంత మాత్రాన ఏం కాకుండా పోదు.

ముందు మీ అంకె నిజమో కాదో తేల్చుకోండి. నైట్రేట్ కొలిచే రెండు సీసాల టెస్ట్ కిట్ అయితే రెండో సీసాలో మందు అడుగున గట్టిపడిపోతుంది, దాన్ని కనీసం అర నిమిషం చెయ్యి నొప్పి పుట్టేలా ఊపాలి, లేకపోతే నైట్రేట్ ఉన్నా తక్కువ చూపిస్తుంది. నేను మొదట్లో రెండుసార్లు అటూ ఇటూ తిప్పి వేసేసి "20యే ఉంది" అని నెల రోజులు హాయిగా నిద్రపోయాను. ఇంకోటి, 40కీ 80కీ కిట్‌తో వచ్చే రంగుల కార్డు మీద ఎరుపులో తేడా నా కళ్లకైతే తెలీదు. అందుకని మెడికల్ షాపులో ఇంజెక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ చిన్న సీసా కొని, ట్యాంకు నీళ్లూ అవీ సగం సగం కలిపి టెస్ట్ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. రంగు లేత వరసలోకి దిగుతుంది కాబట్టి పోల్చుకోవడం తేలిక.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఉప్పు కలపడానికి ఏ నీళ్లు వాడుతున్నారు? వంటింట్లో ఆర్‌ఓ ప్యూరిఫయర్ నీళ్లే అయితే నా కథే మీ కథ. నేనూ అవే వాడేవాణ్ని, ఆర్‌ఓ అంటే శుద్ధమే కదా అని. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చూపించేది) పెడితే 120 చూపించేది, పర్లేదులే అనుకునేవాణ్ని. ఒక ఆదివారం ఏమీ తోచక ట్యాంకుకి చేసే నైట్రేట్ టెస్టే ఆ నీళ్లకి చేస్తే 25 దగ్గర వచ్చింది! బోరు నీళ్లకి చేస్తే 60. కారణం ఏమిటంటే, మన ఇళ్లలో పెట్టే చాలా ప్యూరిఫయర్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది, మెంబ్రేన్ (ఆర్‌ఓలో నీళ్లను వడగట్టే సన్నటి పొర) దాటొచ్చిన నీళ్లు చప్పగా ఉంటాయని కొంత మెంబ్రేన్ దాటని నీటిని మళ్లీ దాంట్లో కలుపుతుంది. రుచితో పాటు బోరులోని నైట్రేట్ కూడా వచ్చేస్తుంది. తాగడానికి ఇబ్బంది లేదు, తాగే నీటిలో నైట్రేట్‌కి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. కానీ ట్యాంకుకి అది వేరే లెక్క.

లెక్కంటే నిజంగా లెక్కే. 200 లీటర్లలో వారానికి 40 లీటర్లు, అంటే ఐదో వంతు మారుస్తున్నారనుకోండి. పోసే నీటిలో నైట్రేట్ సున్నా అయితే 80 కాస్తా 64, 51, 41, 33, 26 ఇలా ఐదు వారాల్లో మూడో వంతుకి వస్తుంది. అదే పోసే నీటిలో 25 ఉంటే 69, 60, 53, 48, 43. ఇందులో చేపలు వారమంతా వేసేది కలపనే లేదు, అది కలిపితే మీరు ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఉంటారు. ఇక ఎండాకాలంలో మా ట్యాంకులో రోజుకు రెండు లీటర్లు ఆవిరైపోయేవి. ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, నైట్రేట్ లోపలే ఉండిపోతుంది, పైన నేను పోసే రెండు లీటర్లతో రోజూ ఇంకో 50 మిల్లీగ్రాములు చేరుతుంది, అంటే 200 లీటర్లలో నెలకి లీటరుకు 7 మిల్లీగ్రాముల పైమాటే. నేను చేతులారా పోస్తూ చేపల్ని తిట్టుకున్నానన్నమాట.

ప్యూరిఫయర్ సర్వీసు అబ్బాయిని పిలిచి ఆ వాల్వ్ మూసెయ్ అంటే "వద్దు సార్, నీళ్లు తాగబుద్ధి కావు" అన్నాడు. తాగడానికి కాదయ్యా, చేపలకి అంటే కాసేపు నా మొహం చూశాడు. చివరికి ఇంట్లోవాళ్ల నీళ్లు కదల్చకుండా, మెంబ్రేన్ దాటిన వెంటనే ఒక టీ జాయింట్ పెట్టించి విడిగా పైపు తీయించాను, దాని చివర డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ (నీళ్లలో మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికల గొట్టం) తగిలించాను. మెంబ్రేన్ ఒక్కటే బోరు నైట్రేట్ మొత్తాన్నీ ఆపలేదు, నాకు ఇంకా 5 దాకా వచ్చేది, మిగిలింది రెజిన్ పట్టేస్తుంది. టీడీఎస్ మీటర్ సున్నా నుంచి పైకి కదిలితే రెజిన్ మార్చాల్సిన టైమ్ అయినట్టు. ఇది పెట్టాక రెండు నెలల్లో 80 నుంచి 30కి దిగింది, వేరే ఏమీ చేయకుండానే.

30 నుంచి కిందికి రావడానికి మాత్రం మేత దగ్గర పట్టుకోవాల్సి వచ్చింది. తినగా మిగిలింది, చేపలు విసర్జించింది కుళ్లి అమోనియా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేసి, తర్వాత నైట్రేట్ చేసి వదిలేస్తుంది, మామూలు ఫిల్టర్ పని అక్కడితో సరి. మా ఇంట్లో నేను ఉదయం వేస్తా, మా ఆవిడ సాయంత్రం వేస్తుంది, మధ్యలో మా అమ్మ "పాపం, అద్దం దగ్గరికొచ్చి అడుగుతున్నాయిరా" అని ఇంకో చిటికెడు. అమ్మతో వాదించి లాభం లేదని ఏడు గళ్ల మాత్రల డబ్బా ఒకటి కొని, ఏ రోజు మేత ఆ రోజు గడిలో పోసి పెట్టాను, గడి ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. ఫ్రోజెన్ రొయ్య అయితే కరిగించి, ఆ నీళ్లు పారబోసి, టీ వడకట్టులో కడిగి వేయండి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టర్) ఉంటే లోపలి స్పాంజ్ వారానికోసారి, ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. నెలకోసారి కడిగితే అందులో పేరుకున్న మడ్డి అంతా అప్పటికే నైట్రేట్ అయి మళ్లీ ట్యాంకులోకే వెళ్లిపోయి ఉంటుంది.

ప్రోటీన్ స్కిమ్మర్ కొనగలిగితే కొనండి, కుళ్లకముందే మురికిని నురగతో బయటికి లాగేస్తుంది. రాత్రిపూట గురగుర చప్పుడు చేస్తుంది, అలవాటైపోతుంది. సంప్ (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి) ఉంటే చీటో అనే పీచులాంటి నాచు కాస్త వేసి, ట్యాంకు లైటు ఆరాక దానికి లైటు వెలిగేలా టైమర్ పెట్టండి. పెరిగినప్పుడల్లా గుప్పెడు పీకి పారేయాలి, నైట్రేట్ బయటికి పోయేది ఆ పీకుడుతోనే. నా ట్యాంకు ఇప్పుడు 8, 10 మధ్య ఉంటోంది. సున్నా చేయాలని పట్టుబట్టకండి, మరీ సున్నా అయితే డైనోస్ అని జిగురు జిగురుగా ఒక గోధుమరంగు తెగులు వస్తుంది, దానికంటే నైట్రేటే నయం. చేపలు మాత్రమే ఉన్న ట్యాంకుకి 30 దాటకపోతే నేనైతే టెన్షన్ పడను.

ఇక మందు. వెనిగర్ గానీ వోడ్కా గానీ పోస్తారు, బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతూ నైట్రేట్‌ని లాక్కుంటుంది, ఆ బ్యాక్టీరియాని స్కిమ్మర్ బయట పడేస్తుంది. పని చేస్తుంది, అబద్ధం కాదు. కానీ నేను స్కిమ్మర్ లేకుండా, 1 ఎంఎల్‌తో మొదలుపెట్టి వారాల తరబడి నెమ్మదిగా పెంచాల్సింది పోయి, మొదటి రోజే 15 ఎంఎల్ వెనిగర్ పోశాను. తెల్లారేసరికి నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి ఆక్సిజన్ అంతా తాగేసింది. గాలి పంపు పెట్టి, ముందే ఉప్పు కలిపి ఉంచిన నీళ్లన్నీ పోసి మార్చి నాలుగు చేపల్ని దక్కించుకున్నాను, ఒక డామ్‌సెల్ పోయింది.

కాబట్టి స్కిమ్మర్ లేకపోతే ఆ జోలికి వెళ్లకండి. ఈ రాత్రే మీ ప్యూరిఫయర్ నీళ్లకీ, నల్లా నీళ్లకీ విడివిడిగా నైట్రేట్ టెస్ట్ చేయండి, రెండు అంకెలూ వచ్చాక చెప్పండి, వారానికి ఎన్ని లీటర్లు మార్చాలో కూర్చుని లెక్క వేద్దాం.