అడగకుండా వచ్చిన ఎఫ్‌ఐఆర్‌ను నమ్మకండి

ఈ శీర్షికకు ఒకప్పుడు బ్యాటరీ ఉబ్బిందనో, ఫోను వేడెక్కుతోందనో ఉత్తరాలు వచ్చేవి. ఇప్పుడు సీమ నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఎఫ్‌ఐఆర్ కాపీ, కోర్టు నకలు, 'నోటీసు వచ్చింది, నిజమేనా' అన్నవే. లాయరు చూసుకోవాల్సిన పని నా నెత్తిన పడిందేమిటని మొదట్లో విసుక్కున్నాను. కానీ ఈ కాగితాలన్నీ ఫోన్లోకి వచ్చాక మోసగాళ్లూ అక్కడికే వచ్చారు. అందుకే ఈ వారమంతా ఇదే.

మా బైకు డోన్‌లో పోయింది, అక్కడే ఎఫ్‌ఐఆర్ అయింది. ఇన్సూరెన్స్ వాళ్లు కాపీ అడుగుతున్నారు. పోలీసు సైటులో నంబరు కొడితే రికార్డు లేదంటోంది. రెండు ఫోన్లలో చూశాను. బ్రౌజర్ మార్చమంటారా? (ఒక పాఠకుడు, కర్నూలు)

మార్చాల్సింది బ్రౌజర్ కాదు, జిల్లా. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో జిల్లా దగ్గర కర్నూలు అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు డోన్ నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. పోలీసు సైటులో నంద్యాల ఎంచుకుని, తర్వాత స్టేషన్, ఆ తర్వాత సంవత్సరం ఇవ్వండి. సంవత్సరం తప్పనిసరి. ప్రతి స్టేషన్‌లోనూ ఎఫ్‌ఐఆర్ నంబర్లు ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి ఉత్త నంబరుతో పని జరగదు. కోర్టు సైటుకు వెళ్లినప్పుడు మాత్రం దీనికి తిరకాసు ఉంది. అక్కడ ముందు పాత ఉమ్మడి జిల్లా పేరు కింద వెతకండి. నంద్యాల వాళ్లు కర్నూలు కింద, హిందూపురం వాళ్లు అనంతపురం కింద. ఒకే కేసుకు పోలీసుల దగ్గర ఒక జిల్లా, కోర్టు దగ్గర ఇంకో జిల్లా. ఈ ముక్క పేజీ పైన ఒక వాక్యంలో రాసిపెడితే ఎంతమందికి తిప్పలు తగ్గుతాయో, ఆ పేజీ తయారుచేసిన మహానుభావులకు తట్టదు.

ఇంకో మాట. ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. మారుమూల ప్రాంతాలైతే 72 గంటల దాకా వెసులుబాటు ఉంది. లైంగిక నేరాలు, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), ఉగ్రవాదం లాంటివి సైటులో పెట్టరు. మీది బైకు దొంగతనం కాబట్టి ఉండాలి. అసలు మీరు ఫిర్యాదుదారు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షన్ ప్రకారం మీకు కాపీ ఉచితంగా చేతికివ్వాలి. స్టేషన్‌లో ఇచ్చింది అర్జీ రసీదేనా, ఎఫ్‌ఐఆరేనా అన్నది ముందు చూసుకోండి. చాలామంది రసీదు మీది నంబరు తెచ్చి ఎఫ్‌ఐఆర్ పేజీలో కొడుతుంటారు. అది ఏ జన్మకూ దొరకదు.

మా బావ నంబరు నుంచి వాట్సాప్‌లో 'కోర్టు నోటీసు' అని ఫైలు వచ్చింది. తెరిస్తే ఏదో అనుమతి అడిగింది, ఓకే నొక్కాను. కాసేపటికి ఫోను నిలిచిపోయింది. బావను అడిగితే నేనేమీ పంపలేదురా అన్నాడు. టెన్షన్‌గా ఉంది. (ప్రొద్దుటూరు)

టెన్షన్ పడాల్సిందే, కానీ పడుతూ కూర్చోకండి. ఇది చదివే సమయానికి ఆ ఫోనులో ఇంటర్నెట్ ఆన్‌లో ఉంటే వెంటనే ఆపేయండి, సిమ్ తీసేయండి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా లావాదేవీలు నిలిపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆ ఫైలు పేరు చివర ఏముందో చూశారా? చాలామంది చూడరు. చూద్దామన్నా పొడుగు పేరును ఫోను మధ్యలో చుక్కలు పెట్టి కత్తిరిస్తుంది. కాగితమైతే చివర పీడీఎఫ్ అని ఉంటుంది. మీకు వచ్చినదాని చివర ఏపీకే అని ఉండి ఉంటుంది. అది కాగితం కాదు, యాప్. దాన్ని నొక్కితే 'తెలియని చోటు నుంచి వచ్చిన యాప్‌ను ఇన్‌స్టాల్ చేయాలా' అని ఫోను అడుగుతుంది. కాగితం చదవడానికి ఏ ఫోనూ ఆ అనుమతి అడగదు. తర్వాత అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి తీసుకుంటుంది. ఇక బ్యాంకు ఓటీపీ మీకంటే ముందు వాడికి చేరుతుంది. అదే సమయంలో మీ వాట్సాప్ నుంచి మీవాళ్లందరికీ అదే ఫైలు పోతుంది. బావ నుంచి మీకు వచ్చింది అలాగే. మీ నుంచి ఇంకెవరికి పోయిందో ఈ పాటికి మీ అత్తగారింటి గ్రూపులో తెలిసే ఉంటుంది. అందరికీ ఫోన్ చేసి తెరవొద్దని చెప్పండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి తెలియనివన్నీ తీసేయండి. సిమ్‌ను వేరే ఫోనులో వేసి ##002# కొట్టండి, కాల్ ఫార్వార్డింగ్ (మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించడం) ఉంటే పోతుంది. ఆ తర్వాత పాత ఫోనును పూర్తిగా రీసెట్ చేయాలి. యాప్ తీసేస్తే చాలదా అని అడగకండి. చాలదు. అలాంటివి ఐకాన్ కనిపించకుండా దాక్కుంటాయి.

ఈ దెబ్బకు మన ఊళ్లలో జనం ఎందుకు పడుతున్నారో నాకు తెలుసు. పోలీసు, కోర్టు అన్న మాట వినగానే చేతులు వణుకుతాయి. అదేమిటో చూడకపోతే ఇంకేమవుతుందోనన్న భయం. తప్పు చేయనివాడికే ఆ భయం ఎక్కువ. మామూలుగా మనకు కావలసిన కాగితమైతే నాలుగుసార్లు తిరిగి, అడిగి, అర్జీ పెడితే గానీ రాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కోర్టు ఆఫీసు పెడుతుందా? అడక్కుండానే మీ ఫోనును వెతుక్కుంటూ వచ్చిందంటే అనుమానించండి.

అలాగని 'వాట్సాప్‌లో వచ్చిందంతా దొంగదే' అని గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌ కూడా పూర్తిగా నిజం కాదు. పోలీసులు విచారణకు రమ్మని అదే సురక్షా సంహిత కింద ఇచ్చే 35వ సెక్షన్ నోటీసును వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. కోర్టు సమన్లను మాత్రం కోర్టు ముద్రతోనో డిజిటల్ సంతకంతోనో ఎలక్ట్రానిక్‌గా పంపడానికి కొత్త చట్టంలో వీలుంది. కాబట్టి నిజమైనదీ రావచ్చు. అది యాప్ రూపంలో రాదు, డబ్బు అడగదు, వీడియో కాల్‌లో కూర్చోబెట్టి అరెస్టు అనదు. అనుమానం తీర్చుకోవడానికి దాంట్లోని లింకు నొక్కకండి. కేసుకు 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. మొదట ఏపీ, ఆ తర్వాత జిల్లా అక్షరాలు, చివర నాలుగంకెల సంవత్సరం. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటును మీరే తెరిచి అక్కడ కొట్టండి. కేసు ఉంటే ఏ కోర్టు, తర్వాతి వాయిదా ఎప్పుడు, అన్నీ వస్తాయి. రాకపోతే ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆ కోర్టుకే వెళ్లి అడగండి.

చవక ఫోన్ల గురించి ఒక మాట అనకపోతే నాకు నిద్ర పట్టదు. కొన్న రోజే ముప్పై పనికిరాని యాప్‌లు, తీసేయడానికి వీల్లేకుండా. వాటిలో సగం రోజూ ఏదో అనుమతి అడుగుతుంటాయి. అలా నెలల తరబడి ఓకే, ఓకే అని వేలికి అలవాటు చేశాక, అసలు ప్రమాదమైన ప్రశ్న వచ్చిన రోజూ వేలు ఓకేనే నొక్కుతుంది. తప్పు మీదొక్కరిదే కాదు.

మా నాయన 1990లలో గెలిచిన భూమి దావా తీర్పు కావాలి. ఈకోర్ట్స్‌లో నాయన పేరు కొడితే రావడం లేదు. నెట్ సెంటర్ అతను మూడు వేలిస్తే తెప్పిస్తానంటున్నాడు. (తాడిపత్రి)

ఇవ్వకండి. కోర్టులు కంప్యూటర్లలోకి రాకముందు ముగిసిన కేసు సైటులో లేకపోవడం వింతేమీ కాదు. నెట్ సెంటర్ అతని దగ్గర వేరే ఇంటర్నెట్ ఏమీ లేదు, మీకు కనిపించనిది అతనికీ కనిపించదు. ముందు ఇంట్లో పాత ట్రంకుపెట్టె వెతకండి. పన్ను రసీదు వెనకో, లాయరు ఉత్తరం పైనో ఓఎస్ నంబరు (దావా నంబరు), సంవత్సరం దొరుకుతాయి. అది ఉంటే తీర్పిచ్చిన కోర్టులోనే కాపీ అప్లికేషన్ వేయాలి. రికార్డు రూము నుంచి కట్ట దించి నకలు ఇస్తారు. మీ నాయన పార్టీ కాబట్టి వారసులుగా మీకు దారి సులువు. సంబంధం లేని మూడో మనిషైతే ఎందుకు కావాలో చెబుతూ ప్రమాణపత్రంతో కోర్టు అనుమతి తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే అయిపోతుందిగా అని ఇంకొకరు రాశారు. కోర్టు కాగితాల సర్టిఫైడ్ కాపీలకు కోర్టు నిబంధనల దారే పట్టాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

కొత్త కేసులకైనా పేరుతో వెతకడం మన దగ్గర తలనొప్పే. మద్దిలేటి అని ఇంగ్లిషులో రాసేటప్పుడు చివర ఐ వేశారో వై వేశారో, ఓబులేసుకు ముందు వి తగిలించారో లేదో, ఆ రోజు టైప్ చేసిన గుమస్తాకే తెలియాలి. పూర్తి పేరు కొట్టకండి. ముందు నాలుగు అక్షరాలు కొట్టి, సంవత్సరం ఇచ్చి, జాబితా చదువుకోండి.

సైటులో తీర్పు దొరికినా అది చదువుకోవడానికే. బ్యాంకుకో రిజిస్ట్రేషన్‌కో సర్టిఫైడ్ నకలే కావాలి. ఇక డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌లు ఇంకో కథ. ఆ సంతకం ఫైలులో ఉంటుంది, దాన్ని కంప్యూటర్లో తెరిచి సరిచూడాలి. కాగితం మీద ప్రింటు తీస్తే ఆ సంతకం ఉత్త బొమ్మ. మన ఆఫీసుల్లో ఆ ప్రింటే తెమ్మంటారు, దాని మీద గెజిటెడ్ సంతకం కూడా పెట్టించుకు రమ్మంటారు. ఆ డిజిటల్ సంతకం ఎందుకు పెట్టినట్టో నాకైతే అర్థం కాలేదు.

ప్రింటు అంటే గుర్తొచ్చింది. పోయిన నెల కడపలో ఒక చిన్న ప్రింటు దుకాణానికి వెళ్లాను. పేరెందుకులెండి. గోడ మీద వాట్సాప్ నంబరు పెద్దగా రాసి ఉంది, ఫైలు దానికి పంపితే ప్రింటు తీస్తాడు. అతను నా ఫైలు కోసం డౌన్‌లోడ్స్ తెరిచాడు. వరసగా ఎఫ్‌ఐఆర్‌లు, ఆధార్ ముందు వైపు, ఆధార్ వెనక వైపు, ఎవరిదో గాయాల సర్టిఫికెట్, ఒక విడాకుల పిటిషన్. పక్కన వాట్సాప్ వెబ్‌లో ఆ రోజు వచ్చినవాళ్లందరి నంబర్లు. నా వెనక నిలబడ్డ కుర్రాడు మెడ సాచి చదువుతున్నాడు. దుకాణదారుకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు పాపం, తుడవడానికి తీరిక లేదంతే. కానీ ఎఫ్‌ఐఆర్‌లో మీ పేరు, తండ్రి పేరు, ఇల్లు, పని, ఏం పోయిందో, ఎప్పుడు పోయిందో అంతా ఉంటుంది. 'మీ బైకు దొరికింది, రెండు వేలు కట్టండి' అని ఫోన్ చేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? వాట్సాప్‌లో 'అందరికీ డిలీట్' నొక్కినా అతని కంప్యూటర్లో దిగిన ఫైలు అక్కడే ఉంటుంది. ప్రింటు చేతికి రాగానే ఆ ఫైలును మీ కళ్ల ముందే తీసేయమనండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మొహమాటపడకండి. నేను అడిగితే నవ్వాడు, కానీ తీసేశాడు.

పక్కింటాయన మీద కేసుంది. ఛార్జిషీటు డౌన్‌లోడ్ చేయడం ఎలా? (ఆదోని)

కుదరదు. ఛార్జిషీట్లు జనమంతా చూసే పత్రాలు కావని, సైటులో పెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. నిందితుడికి, లాయరును పెట్టుకున్న బాధితుడికి ఉచితంగా ఇస్తారు. నిందితుడు కోర్టులో హాజరైన 14 రోజుల్లోగా ఇవ్వాలి. మీరు ఆ రెండిట్లో ఒకరు కాకపోతే, ఎస్పీ ఆఫీసులోని సమాచార అధికారికి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు అర్జీ పెట్టి చూడవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దర్యాప్తుకు అడ్డమనో, వ్యక్తిగత సమాచారమనో కాదంటే పై అధికారికి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. పక్కింటాయనతో మాట్లాడితే ఇంకా తొందరగా తెలుస్తుందేమో.

ఎఫ్‌ఐఆర్ డౌన్‌లోడ్ అయింది, కానీ ఫోనులో తెలుగంతా గళ్లు గళ్లుగా కనిపిస్తోంది. (అనంతపురం)

ఫైలులో ఫాంటు సరిగ్గా పెట్టలేదు. వేరే పీడీఎఫ్ యాప్‌లో, లేదా కంప్యూటర్లో తెరిచి చూడండి. అక్కడా గళ్లే ఉంటే ఎఫ్‌ఐఆర్ నంబరు రాసుకుని స్టేషన్‌కు వెళ్లి వాళ్ల ప్రింటు అడగండి. 'ఫాంట్ సరిచేసే యాప్' అని ఎవరైనా లింకు పంపితే నొక్కకండి. పైన ప్రొద్దుటూరు ఉత్తరం ఇంకోసారి చదవండి.