ఫొటో సైజు: పిక్సెళ్లా, అంగుళాలా, కేబీలా?

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఫొటో సైజు గురించే. నలుగురూ రాసింది ‘సైజు’ అనే, కానీ ఒక్కొక్కరి సైజు ఒక్కో రకం.

ప్రశ్న: బ్యాంకు పరీక్ష దరఖాస్తుకు ఫొటో 200 × 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ ఉండాలన్నారు. సంతకం 140 × 60, 10 నుంచి 20 కేబీ. పాస్‌పోర్ట్ ఫొటోని గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తగ్గిస్తే ముఖం వెడల్పైపోయింది, పైగా 11 కేబీయే వచ్చింది. సంతకమైతే వెలిసిపోయినట్టుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: స్కేల్ ఇమేజ్ పెట్టెలో వెడల్పు, ఎత్తు అంకెల పక్కన చిన్న గొలుసు బొమ్మ ఉంటుంది. అది కలిసి ఉన్నంతసేపు ఒక అంకె మారిస్తే రెండోది దానంతటదే మారుతుంది. మీరు గొలుసు విడదీసి రెండూ విడివిడిగా కొట్టి ఉంటారు. పాస్‌పోర్ట్ ఫొటో 35 × 45 మిల్లీమీటర్లు. దరఖాస్తు అడిగిన చట్రం అంతకంటే పొట్టి. అందులో బలవంతంగా కూర్చోబెడితే ముఖం దాదాపు 12 శాతం లావెక్కుతుంది.

ముందు కత్తిరించాలి, ఆ తర్వాతే తగ్గించాలి. క్రాప్ టూల్‌లో ‘ఫిక్స్‌డ్’ దగ్గర యాస్పెక్ట్ రేషియో ఎంచుకుని 20:23 అని కొట్టండి. భుజాల దగ్గర కొంత పోయినా ఫర్వాలేదు, తలపైన మాత్రం కాస్త ఖాళీ ఉంచండి. ఇప్పుడు గొలుసు కలిపే ఉంచి వెడల్పు 200 అంటే ఎత్తు 230 దానికదే వస్తుంది.

కేబీల సంగతి ఎక్స్‌పోర్ట్ దగ్గర తేలుతుంది. జేపీజీ పెట్టెలో ‘షో ప్రివ్యూ ఇన్ ఇమేజ్ విండో’కి టిక్ పెడితే, క్వాలిటీ మీట జరుపుతుంటే ఫైలు ఎంత అవుతుందో అక్కడే కనబడుతుంది. 95 దగ్గర మొదలుపెట్టి పైకి జరపండి. ఇంకా చాలకపోతే సబ్‌శాంప్లింగ్ (రంగుల వివరాన్ని ఎంత తగ్గించి దాచాలో చెప్పేది) 4:4:4 పెట్టండి, అంటే ఏమీ తగ్గించొద్దని. ఆ 11 కేబీ ఫైలునే తెరిచి 100లో మళ్లీ సేవ్ చేయకండి. కేబీలు పెరుగుతాయి గానీ పోయిన వివరం తిరిగి రాదు. మళ్లీ ఒరిజినల్ దగ్గర్నుంచే రావాలి.

ఇక సంతకం. ఫోన్‌తో తీసిన బొమ్మలో సంతకం 1,400 పిక్సెళ్ల వెడల్పు, బాల్‌పెన్ గీత 6 పిక్సెళ్ల మందం అనుకుందాం. 140కి దించేసరికి ఆ గీతకి అర పిక్సెల్ చిల్లర మిగులుతుంది. అర పిక్సెల్‌ని నల్లగా చూపడం కుదరదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కనున్న తెలుపుతో కలిపి బూడిద రంగు చేసేస్తుంది. మీకు వెలిసిపోయినట్టు కనబడింది అదే. తెల్ల కాగితం మీద మందపాటి నల్ల పెన్నుతో, సంతకం కాస్త చిన్నగా చేయండి. ఫొటో తీసి 7:3లో కత్తిరించండి. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి, కాగితం నీడ పోయేదాకా తెల్ల త్రికోణాన్ని ఎడమకి, సిరా చిక్కబడేదాకా నల్లదాన్ని కుడికి జరపండి. తగ్గించడం ఆఖర్న.

140 × 60 సంతకం క్వాలిటీ 100లో కూడా 10 కేబీకి చేరకపోవచ్చు. నోటిఫికేషన్ మరోసారి చదవండి. పిక్సెళ్ల పక్కన ‘ప్రిఫర్డ్’ (ఇలా ఉంటే మంచిది) అని ఉంటే 280 × 120 చేసుకోవచ్చు. గీత కూడా నిలుస్తుంది.

ప్రశ్న: ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని ఫోన్‌తో తీశాను. 12 × 18 అంగుళాల ఫ్రేము కట్టిద్దామంటే, ల్యాబ్‌లో ‘72 రిజల్యూషనే ఉంది, 300 చేసి తెండి’ అన్నారు. ఫొటోషాప్‌లో 300 చేస్తే సిస్టమ్ మొరాయించింది, బొమ్మ కూడా మెత్తబడింది.
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: 72 అన్నది అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు ముద్రించాలో చెబుతూ ఫైలుకి అంటించిన చీటీ, అంతే. మీరు పంపిన ఫైలులో ఉన్నవి 4,000 × 3,000 పిక్సెళ్లు. 72 లెక్కన అది 55 అంగుళాల పైచిలుకు వెడల్పు. ‘రీశాంపుల్’ (పిక్సెళ్ల సంఖ్యనే మార్చేది) టిక్ అలాగే ఉంచి 300 కొట్టారు కాబట్టి, ఫొటోషాప్ ఆ 55 అంగుళాలనూ కాపాడుతూ పిక్సెళ్లను 16,667 × 12,500కి పెంచింది. పెట్టె పైన 34.3ఎం (మెగాబైట్లు) అని ఉన్నది 596ఎం అయి ఉంటుంది, చూడండి. ఇరవై కోట్ల పైచిలుకు పిక్సెళ్లలో మీ ఫోను తీసినవి కోటీ ఇరవై లక్షలే. మిగతావి పక్కవాటిని చూసి ఊహించి పోసినవి. మెత్తబడక ఏమవుతుంది?

ఫోను బొమ్మ 4:3, ఫ్రేము 3:2. ముందు పైనా కిందా కలిపి 333 వరుసలు కత్తిరించి 4,000 × 2,667 చేయండి. తర్వాత ఇమేజ్ సైజ్ (ఆల్ట్, కంట్రోల్, ఐ) తెరిచి, రీశాంపుల్ టిక్ తీసేసి, వెడల్పు 18 అంగుళాలు కొట్టండి. రిజల్యూషన్ 222 చూపిస్తుంది, పిక్సెల్ ఒక్కటీ మారదు. గోడకు వేలాడే ఫ్రేముకి 222 చాలు. ల్యాబ్‌వాళ్లు 300 లేనిదే తీసుకోమంటే అప్పుడు టిక్ పెట్టి, ‘ప్రిజర్వ్ డీటెయిల్స్ 2.0’ ఎంచుకుని 300 చేయండి. అంత చిన్న పెంపు కంటికి ఆనదు.

ఇంత చేసి ఫైలుని వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపకండి. పొడవు 1,600 పిక్సెళ్లకు దిగిందంటే 18 అంగుళాల మీద అది అంగుళానికి 89 పిక్సెళ్లే. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి.

ప్రశ్న: 10 × 6 అడుగుల బ్యానర్ 300లో చేస్తుంటే ఫొటోషాప్ కదలడం లేదు.
– ఒక పాఠకుడు, అల్లిపురం

జవాబు: కదలదు. అది 36,000 × 21,600 పిక్సెళ్లు. ఒక వైపు 30,000 దాటితే ఫొటోషాప్ మామూలు ఫైలు రకమైన పీఎస్‌డీగా సేవ్ కూడా కాదు. 72 పెట్టండి, 8,640 × 5,184 వస్తుంది. రోడ్డు అవతలి నుంచి చూసే బ్యానర్‌కి అది ఎక్కువే. అక్షరాలను మాత్రం బొమ్మలో కలిపేయకుండా కోరల్‌డ్రాలో టెక్స్ట్‌గా ఉంచితే ఎంత పెంచినా అంచులు చెదరవు.

ప్రశ్న: ఫిషింగ్ హార్బర్‌లో ఆరేసిన వలల ఫొటోలు 1,200 పిక్సెళ్లకి తగ్గిస్తే వలల మీద అలల్లా చారలు వస్తున్నాయి. ఒరిజినల్‌లో లేవు. గింప్ వాడతాను.
– ఒక పాఠకురాలు, పెదజాలారిపేట

జవాబు: ముందు బొమ్మని 100 శాతంలో చూడండి. గింప్‌లో 1 అంకె నొక్కితే చాలు. 33, 67 శాతం జూమ్‌లో కనబడే చారలు చాలాసార్లు తెర సృష్టించినవే.

100 శాతంలోనూ ఉంటే, వల కన్నులు కొత్త పిక్సెళ్ల గడికి సరిపడక వాటితో పోట్లాడుతున్నాయన్నమాట. స్కేల్ ఇమేజ్‌లో ఇంటర్‌పొలేషన్ (కొత్త పిక్సెళ్ల రంగు లెక్కగట్టే పద్ధతి) ‘నన్’ మీద ఉంటే, అది కొన్ని పిక్సెళ్లను ఉంచుకుని మిగతావి పారేస్తుంది. తాడు ఒకచోట దొరికి, ఒకచోట తెగి, ఆ తేడానే అలలా కనబడుతుంది. సగం కంటే చిన్నది చేస్తున్నారు కాబట్టి ‘నోహేలో’ పెట్టండి. అయినా మిగిలితే, తగ్గించే ముందు గాసియన్ బ్లర్ 1 దగ్గర మొదలుపెట్టి, చారలు మాయమయ్యేదాకా కొద్దికొద్దిగా పెంచండి. తగ్గించాక షార్పెన్ కొంచెం వేయండి. ఎక్కువైతే చారలు మళ్లీ తేలతాయి.

ఒరిజినల్‌నే 100 శాతంలో చూసినప్పుడు చారలు ఉంటే అది కెమెరా సెన్సర్ దగ్గరే జరిగిపోయింది. ఏ పద్ధతిలో తగ్గించినా పోదు. నాలుగడుగులు ముందుకో వెనక్కో జరిగి తీసిన ఇంకో ఫ్రేము ఉందేమో వెతకండి.